దుంపల సూప్: కార్న్‌ఫ్లోర్ లేకుండా చిక్కగా, కమ్మగా ఎలా చేయాలి

దుంపల సూప్ అనగానే చాలామంది ఇళ్లలో జరిగేది ఒకటే. ఉన్న దుంపలన్నీ కుక్కర్‌లో పడేసి, నాలుగు విజిల్స్ రానిచ్చి, మిక్సీ పట్టి, పల్చగా ఉందని రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపి, చప్పగా ఉందని ఒక సూప్ క్యూబ్ వేసేస్తారు. తాగడానికి పర్వాలేదనిపిస్తుంది కానీ అందులో దుంప రుచి ఎక్కడా తగలదు. చిక్కదనానికి కావాల్సిన పిండీ, కమ్మదనానికి కావాల్సిన తీపీ దుంపల్లోనే బోలెడు ఉన్నాయి, వాటిని బయటికి రప్పించడం తెలిస్తే ఆ డబ్బాలు తీసే పనే ఉండదు.

దీనికి తెలుసుకోవాల్సింది ఒక్కటే: దుంపలన్నీ ఒకేసారి గిన్నెలో వేయకూడదు. కొన్ని పూర్తిగా కరిగిపోయి చారుకి చిక్కదనం ఇవ్వాలి, కొన్ని ముక్కలుగా నిలబడి పంటికి తగలాలి. ఏది ఎప్పుడు వేయాలో, దేన్ని విడిగా ఉడికించాలో చూసుకుంటే మిగతాదంతా మామూలు వంటే. మొత్తం గంటా పావు పడుతుంది, అందులో మీరు పొయ్యి దగ్గర నిలబడాల్సింది సగం కూడా ఉండదు.

ఏమేం కావాలి

ఈ కొలతలు నలుగురికి. చిలగడదుంపలు పావుకిలో, కంద 150 గ్రాములు, మధ్యరకం క్యారెట్లు రెండు, ముల్లంగి ఒకటి (ఆకుతో సహా దొరికితే మరీ మంచిది), పెసరపప్పు 50 గ్రాములు, పెద్ద ఉల్లిపాయ ఒకటి, ఆరేడు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం ముక్క, ఉసిరికాయంత చింతపండు, చెంచా మిరియాలు, చెంచాన్నర జీలకర్ర, పసుపు, ఉప్పు, ఇంగువ, కరివేపాకు, రెండు పెద్ద చెంచాల నెయ్యి. నీళ్లు లీటరుంపావు పెట్టుకోండి, ఇంకో గ్లాసు వేడినీళ్లు పక్కన ఉంచుకోండి.

హైదరాబాద్‌లో బండి దగ్గర కందగడ్డ ఇమ్మంటే చిలగడదుంపలే తూచి ఇస్తారు, తెలంగాణలో చాలాచోట్ల ఆ పేరు దానిదే. ఈ సూప్‌లో నేను కంద అంటున్నది గోదావరి జిల్లాల పెళ్లి భోజనాల్లో కంద బచ్చలి కూరకి వాడేది, పెద్దగా, మట్టి రంగులో, గరుకుగా ఉండే దుంప. రాయలసీమలో గెనుసుగడ్డ అనేది చిలగడదుంపనే. అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. అక్కడి సూపర్ మార్కెట్లలో యామ్ అని రాసి పెట్టేది చాలాసార్లు నారింజ రంగు చిలగడదుంపే, అది ఈ సూప్‌కి బ్రహ్మాండంగా పనికొస్తుంది కానీ కందకి బదులు కాదు. కంద ముక్కలు ఇండియన్ స్టోర్లలో ఫ్రీజర్‌లో సూరన్ పేరుతో ఉంటాయి.

పెసరపప్పు ఎందుకు అంటారేమో. దుంపల్లో పిండిపదార్థం, పీచు, పొటాషియం బాగా ఉంటాయి, ప్రోటీన్ మాత్రం చాలా తక్కువ. నీరసంగా ఉన్నవాళ్లకి బలం అని దుంపల సూప్ ఒక్కటే పోస్తుంటారు చాలామంది, దానితో కడుపు నిండుతుందే గానీ ప్రోటీన్ లోటు తీరదు. 50 గ్రాముల పెసరపప్పులో 12 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, నలుగురికి పంచితే తలా 3 గ్రాములే. అందుకే రాత్రి భోజనం మొత్తం ఈ సూపే అనుకుంటే పప్పు రెట్టింపు చేయండి, లేదా పక్కన ఒక ఉడికించిన గుడ్డు పెట్టండి.

కొనేటప్పుడు

చిలగడదుంప గట్టిగా, తొక్క బిగుతుగా ఉండాలి. తొక్క మీద చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తే తీసుకోకండి, అది ముక్కు పురుగు పట్టిన దుంప. పురుగు తిన్నంత మేర కోసేసి మిగతాది వాడుకుందామని చూస్తారు కానీ, పురుగు పట్టినప్పుడు దుంప తనను తాను కాపాడుకోవడానికి చేదు పదార్థాలు తయారు చేసుకుంటుంది, అవి ఉడికినా పోవు, ఒంటికీ మంచివి కావు. ఆ ఒక్క దుంప సూప్ మొత్తాన్ని చేదు చేస్తుంది. తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి లోపల గట్టిపడి ఎంత ఉడికించినా మధ్యలో బిరుసుగా ఉండిపోతుంది. గాలి తగిలే బుట్టలో ఉంచితే చాలు.

తెల్ల కండ ఉన్నదానికంటే నారింజ రంగు కండ ఉన్నది దొరికితే అదే తీసుకోండి. ఆ రంగు బీటా కెరోటిన్‌ది, మన ఒంట్లో విటమిన్ ఎ గా మారేది అదే. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థ ఇచ్చిన భూ సోన రకంలో 100 గ్రాములకి 14 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, తెల్ల రకాల్లో చాలా తక్కువ. శివరాత్రి ముందు బజారు నిండా చిలగడదుంపలే కాబట్టి ఏరుకోవడానికి అదే మంచి సమయం.

ముల్లంగిని చేతిలో పట్టుకుని చూడండి, సైజుకి తగ్గ బరువు లేకపోతే లోపల గుల్లబారినట్టే. క్యారెట్ ఏదైనా పర్వాలేదు, చలికాలంలో వచ్చే ఎర్ర క్యారెట్ అయితే తీపి ఎక్కువ. మెడ దగ్గర ఆకుపచ్చగా ఉన్న భాగం కోసేయండి.

ముందు కంద సంగతి చూడండి

చాలామంది కంద కొనకపోవడానికి కారణం దురద. ఆ భయం అనవసరం, కానీ జాగ్రత్త మాత్రం అవసరం. కందలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది, పచ్చిగా చేతికి తగిలినా, సరిగ్గా ఉడకకుండా గొంతులోకి వెళ్లినా అవి గుచ్చుకుని దురద పుట్టిస్తాయి. చేమదుంపలోనూ అదే ఉంటుంది. రకాన్ని బట్టి దురదలో చాలా తేడా ఉంటుంది. గోదావరి ఒడ్డున కొవ్వూరు ప్రాంతపు స్థానిక రకం నుంచి ఎంపిక చేసిన గజేంద్ర అనే రకం దాదాపు దురద లేనిది, బాగా ప్రాచుర్యంలో ఉన్నదీ అదే. అయినా బజార్లో కోసి పెట్టిన ముక్క ఏ రకమో మనకి తెలియదు కాబట్టి అన్నిటికీ ఒకే జాగ్రత్త తీసుకోవాలి.

కోసేముందు చేతులు పూర్తిగా తుడుచుకుని కొబ్బరినూనో, నువ్వులనూనో వేళ్ల సందుల్లో కూడా పట్టేలా రాసుకోండి, లేదా గ్లోవ్స్ వేసుకోండి. కందని కోయకముందు కడగకండి. మట్టి ఉంటే పొడి గుడ్డతో దులపండి. తొక్క పల్చగా కాకుండా మందంగా, లోపలి కండ బయటపడేదాకా చెక్కేయాలి. తర్వాత అర అంగుళం ముక్కలుగా కోసి ఉప్పు, పసుపు కలిపిన నీళ్లలో వేసి రెండుసార్లు కడగండి.

ఇప్పుడు ఒక చిన్న గిన్నెలో ముక్కలు మునిగి పైన రెండంగుళాలు ఉండేలా నీళ్లు పోసి, చిటికెడు పసుపు, కొంచెం ఉప్పు, చింతపండులో సగం వేసి ఉడికించండి. పావుగంటకి చాకు సులువుగా దిగుతుంది. కందలు ముదురువైతే ఇంకో ఐదు నిమిషాలు పట్టొచ్చు. ఆ నీళ్లు పారబోయండి, వాటిని సూప్‌లో వాడొద్దు. చింతపులుసులో ఉడికిన దుంప చెదిరిపోకుండా ముక్క ముక్కగా నిలబడుతుంది, మనకి కంద కావాల్సింది అలాగే.

పక్కన పెట్టేముందు ఒక చిన్న ముక్క నమిలి ఒక నిమిషం ఆగండి. నాలుక మీద గానీ గొంతులో గానీ చిరచిరమంటే మళ్లీ కొత్త నీళ్లు, ఇంకాస్త చింతపండు వేసి పది నిమిషాలు ఉడికించండి. ఈ పరీక్ష ఎప్పుడూ మానొద్దు. చిన్నపిల్లలకి పెట్టే సూప్‌లో మాత్రం కంద వేయకుండా వదిలేయండి, దురద పెడుతోందని వాళ్లు చెప్పలేరు, ఏడుస్తుంటే ఎందుకో మనకి తెలియదు.

చిలగడదుంప, పప్పు: చన్నీళ్లతో మొదలుపెట్టండి

కంద ఉడుకుతుండగానే పెసరపప్పుని నూనె లేకుండా సన్న సెగ మీద వాసన వచ్చేదాకా వేయించి, కడిగి, పావుగంట నానబెట్టండి. చిలగడదుంపల తొక్క తీసి పెద్ద ముక్కలుగా కోయండి. కోసిన వెంటనే నీళ్లలో వేయకపోతే నల్లబడతాయి. ఒక క్యారెట్‌ని కూడా పెద్ద ముక్కలుగా కోయండి. రెండోదాన్ని, ముల్లంగిని చిన్న ముక్కలుగా తరిగి పక్కన పెట్టుకోండి, వాటి వంతు తర్వాత.

అడుగు మందంగా ఉన్న గిన్నె పొయ్యి మీద పెట్టి ఒక చెంచా నెయ్యి వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి, అల్లం వేయండి. ఉల్లిపాయ రంగు మారకూడదు, మెత్తబడి అద్దంలా అవ్వాలి, అందుకు సిమ్‌లో ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఇక్కడ తొందరపడి మంట పెంచితే ఉల్లిపాయ మాడు వాసన సూప్ అంతా పాకుతుంది. మెత్తబడ్డాక పొయ్యి ఆపి, గిన్నె కాస్త చల్లారనివ్వండి.

తర్వాత అందులో నానిన పప్పు, చిలగడదుంప ముక్కలు, పెద్ద క్యారెట్ ముక్కలు, పావు చెంచా పసుపు వేసి లీటరుంపావు చన్నీళ్లు పోయండి. మరిగే నీళ్లు కాదు, చన్నీళ్లే. ఇప్పుడు చిన్న మంట మీద నెమ్మదిగా వేడెక్కనివ్వండి, మరుగు పట్టడానికి పావుగంట పట్టినా పట్టనివ్వండి. ఈ నెమ్మది ఎందుకంటే, చిలగడదుంపలో పిండిని చక్కెరగా మార్చే ఎంజైమ్ ఒకటి ఉంది, అది దాదాపు 60 నుంచి 75 డిగ్రీల వేడి మధ్య చురుగ్గా పనిచేస్తుంది, నీళ్లు మరిగే వేడికి వచ్చేసరికి దాని పని అయిపోతుంది. మరిగే నీళ్లలో వేస్తే దుంప ఆ వేడిని గబగబా దాటేస్తుంది. నెమ్మదిగా కాగితే ఆ దశలో ఎక్కువసేపు ఉండి అవే ముక్కలు ఇంకా తియ్యగా అవుతాయి. కుక్కర్‌లో చేసిన దానికీ ఇలా చేసిన దానికీ రుచిలో తేడా ఎక్కువగా ఇక్కడే వస్తుంది. అందుకే ఈ ఒక్క సూప్‌కి కుక్కర్ వద్దంటాను.

మరుగు వచ్చాక పైన తేలే నురగ తీసేసి, మూత ఓరగా పెట్టి, మధ్యరకం మంట మీద ఇరవై నిమిషాలు ఉడికించండి. ఇప్పుడే ఉప్పు వేసుకోవచ్చు. పులుపు మాత్రం ఇప్పుడు వేయొద్దు. పులుపు తగిలితే పప్పూ, దుంపా మెత్తబడడం ఆగిపోతుంది, ఎంతసేపు ఉడికించినా బిరుసుగానే ఉంటాయి. కందకి ఉపయోగపడింది ఇక్కడ అడ్డం వస్తుంది.

పప్పు పగిలి, చిలగడదుంప గరిటెతో నొక్కితే విడిపోయేలా అయినప్పుడు పొయ్యి ఆపి పప్పుగుత్తితో మెదపండి. మిక్సీ తీయకండి. మిక్సీ బ్లేడు తిరిగే వేగానికి దుంపలోని పిండి కణాలు చితికి సూప్ జిగురుజిగురుగా సాగుతుంది, బంగాళదుంప వేస్తే మరీనూ. పప్పుగుత్తితో మెదిపితే చిక్కదనం వస్తుంది, జిగురు రాదు. అక్కడక్కడా చిన్న చిన్న క్యారెట్ పలుకులు మిగిలినా బాగుంటుంది. ఇంట్లో మింగడం కష్టమయ్యే పెద్దవాళ్లుంటే వాళ్ల వాటా వరకు పెద్ద రంధ్రాల జల్లెడలో వేసి గరిటెతో రుద్ది వడకట్టండి.

రెండో విడత

మళ్లీ పొయ్యి వెలిగించి చిన్న క్యారెట్ ముక్కలు, ముల్లంగి ముక్కలు వేయండి. ఇప్పుడు మూత పెట్టకండి. ముల్లంగిలో ఆ ఘాటు వాసనకి కారణమైన గంధక పదార్థాలు ఆవిరితో పాటు పైకి పోతాయి, మూత పెడితే తిరిగి గిన్నెలోకే పడి సూప్ అంతా ముల్లంగి వాసనే వస్తుంది. మూత లేకుండా ఎనిమిది, పది నిమిషాలు ఉడికిస్తే ముల్లంగి తియ్యగా అయిపోతుంది, పిల్లలు కూడా కనిపెట్టలేరు. అడుగంటకుండా మధ్యమధ్యలో కలుపుతూ ఉండండి, ఈ దశలో సూప్ చిక్కగా ఉంటుంది కాబట్టి తొందరగా అంటుకుంటుంది. మరీ చిక్కబడితే పక్కన ఉంచుకున్న వేడినీళ్లు కొంచెం కొంచెంగా పోయండి.

ముక్కలు ఉడికాక ఉడికించి పెట్టుకున్న కంద వేసి, మిగిలిన చింతపండు నానబెట్టి పిండిన రసం మూడు నాలుగు చెంచాలు పోసి ఐదు నిమిషాలు కాగనివ్వండి. ఇది పులుసు కాదు కాబట్టి పులుపు తెలిసీ తెలియనట్టు ఉండాలి. అన్నీ తీపి దుంపలే కదా, ఆ తీపిని నిలబెట్టడానికి మాత్రమే ఈ పులుపు. ముల్లంగి ఆకు ఉంటే లేతవి ఏరి, సన్నగా తరిగి, దించే మూడు నిమిషాల ముందు వేయండి. ఆకు పారేసి దుంప ఒక్కటే వండడం నాకు నచ్చదు, ముల్లంగిలో ఆకే బలం ఎక్కువ.

పోపు

మిరియాలు, చెంచా జీలకర్ర కలిపి రోట్లో అప్పటికప్పుడు దంచండి. డబ్బాలో నెలల తరబడి ఉన్న మిరియాల పొడితో కారం వస్తుంది గానీ వాసన రాదు. చిన్న గరిటెలో మిగిలిన నెయ్యి కాచి, మిగతా అర చెంచా జీలకర్ర వేసి చిటపటలాడాక ఇంగువ, కరివేపాకు వేసి, పొయ్యి ఆపేశాక దంచిన పొడి అందులో వేసి వెంటనే సూప్‌లో పోసి మూత పెట్టేయండి. ఐదు నిమిషాల తర్వాతే మూత తీయండి.

నెయ్యి రుచి కోసమే అనుకోవద్దు. బీటా కెరోటిన్ కొవ్వులో కరిగేది, కొంచెమైనా కొవ్వు లేకుండా తింటే ఒంటికి పట్టేది తక్కువ. బరువు తగ్గాలని సూప్‌లో నెయ్యి పూర్తిగా మానేసేవాళ్లు కనీసం ఒక చెంచా ఉంచుకోండి. నెయ్యి వద్దనుకునేవాళ్లు నువ్వులనూనె వాడుకోవచ్చు.

వేడివేడిగా గిన్నెలో పోసుకుని తాగొచ్చు. జొన్నరొట్టె ముంచుకుని తింటే ఇంకేమీ అక్కర్లేదు. మెత్తగా వండిన అన్నంలో కలుపుకున్నా బాగుంటుంది, అప్పుడు సూప్ కాస్త చిక్కగా ఉంచుకోండి.

మార్పులు, జాగ్రత్తలు

కంద దొరక్కపోతే చేమదుంప వేయొచ్చు, దాన్ని తొక్కతోనే ఉడికించి తొక్క తీసి ముక్కలు కోసుకోండి, దానికీ నమిలి చూసే పరీక్ష చేయండి. కర్రపెండలం వేస్తే చిక్కదనం చాలా బాగా వస్తుంది. కాకపోతే పచ్చి కర్రపెండలంలో సయనైడ్‌ని విడుదల చేసే పదార్థాలుంటాయి, కాబట్టి తొక్క, దాని కింది మందపాటి పొర కూడా పూర్తిగా తీసి, ముక్కలు నీళ్లలో నానబెట్టి, విడిగా ఎక్కువ నీళ్లలో మెత్తగా ఉడికించి ఆ నీళ్లు పారబోశాకే సూప్‌లో కలపాలి. చేదుగా ఉంటే ముక్క కూడా వాడొద్దు. బంగాళదుంప వేస్తే ఆకుపచ్చగా మారినవి, మొలకలొచ్చినవి తీసేయండి. బీట్‌రూట్ ఈ సూప్‌కి నేను వేయను. ఒక్క ముక్క వేసినా రంగూ రుచీ అంతా దానిదే అయిపోతుంది, దానికి విడిగా సూప్ చేసుకోవడమే న్యాయం.

మాంసం తినేవాళ్లు మామూలు నీళ్లకి బదులు మటన్ ఎముకలు ఉడికించిన చారు పోసుకోవచ్చు, అది పూర్తిగా చల్లారాకే చిలగడదుంప వేయండి.

షుగర్ ఉన్నవాళ్లు చిలగడదుంప సగం చేసి ముల్లంగి, పప్పు పెంచుకుని, సూప్ తాగిన పూట అన్నం ఆ మేరకి తగ్గించుకోవాలి. రెండూ నిండుగా తింటే ఉపయోగం లేదు. కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లకి ఈ సూప్ ఇలాగే ఇవ్వకండి, దుంపల్లోని పొటాషియం అంతా ఆ చారులోనే ఉంటుంది. ముక్కలన్నీ ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేస్తే కొంత తగ్గుతుంది, అయినా ఎంత తినొచ్చో వాళ్ల డాక్టర్‌నే అడగాలి. ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు కూడా కంద, చేమ, చిలగడదుంపల విషయంలో అడిగే తినాలి. జ్వరం తగ్గుతూ ఆకలి లేనివాళ్లకి మొదటి రోజు కంద, ముల్లంగి లేకుండా, పప్పూ చిలగడదుంపా క్యారెట్ మెదిపిన చారు వరకు పల్చగా చేసి, మిరియాలు తగ్గించి కొంచెం కొంచెంగా ఇవ్వండి.

మిగిలితే గది వేడిలో రెండు గంటలకి మించి ఉంచకుండా చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు, ఎల్లుండి దాకా బాగానే ఉంటుంది. చల్లారితే పిండి బిగుసుకుని ముద్దలా అవుతుంది, కంగారుపడకండి. వేడినీళ్లు అరగ్లాసు పోసి సన్న సెగ మీద కలుపుతూ, ఒక్కసారి బాగా మరిగేదాకా వేడి చేస్తే మామూలుగా అయిపోతుంది. తినేటంత మాత్రమే వేడి చేయండి, మొత్తం గిన్నె రోజూ వేడి చేసి మళ్లీ లోపల పెట్టొద్దు. ఫ్రీజర్‌లో దాచాలనుకుంటే మెదిపిన చారు వరకు దాచుకుని, ముక్కలూ పోపూ ఆ పూటకి కొత్తగా వేసుకోండి, ఎందుకంటే గడ్డకట్టి కరిగిన దుంప ముక్కలు నీరు వదిలి స్పాంజిలా అయిపోతాయి.